పూడిక

ముప్ఫై ఒక్క ఏళ్ళు లస్కరు పని చేశాను
బందరు కాలువ మీద.
గేజి రాయి చూసి నీటి ఎత్తు చెప్పేవాణ్ణి.
చప్పుడు విని షట్టరు ఎంత లేచిందో చెప్పేవాణ్ణి.
నా లోపలి గేజి చూడటం మాత్రం
ఎవరూ నేర్పలేదు.

మొన్న మాఘంలో లాకుల మెట్లెక్కుతుంటే
దవడ లాగింది.
ఎడం రెక్క, తడిగుడ్డ పిండినట్టు, మెలిపడింది.
గ్యాసు అనుకున్నాను. గోలీసోడా తాగాను.
సువార్త వాము నలిపి పెట్టింది.
రెండోసారి వచ్చినప్పుడు ఆటో పిలిచింది,
నన్ను అడగలేదు.

గవర్నరుపేట ఆసుపత్రిలో డాక్టరమ్మ,
మా చిన్నమ్మాయి ఈడు,
తెర మీద నా గుండెని చూపించింది.
ఏసుపాదం గారూ, ముఖ్యమైన నాళాలు మూడు, అంది.
నాకు నవ్వొచ్చింది.
మా బెజవాడలోనూ మూడేనమ్మా,
బందరు, ఏలూరు, రైవస్.
మీ వాటిలో ఏది పూడింది?

పూడిక అంటే నాకు తెలుసు.
ఒక్కరోజులో రాదు.
గుప్పెడు ఒండ్రు, ఒక కొబ్బరిబోండాం,
ఎవరింటిదో చిరిగిన పరుపు,
దాన్ని పట్టుకుని గుర్రపుడెక్క.
పైన నీళ్ళు అద్దంలా ఉంటాయి,
శివారు చేలు మాత్రం నెర్రెలిస్తాయి.
ఫిర్యాదు ఎప్పుడూ శివారు నుంచే వస్తుంది.

అదే చెప్పానావిడకి.
తల అడ్డంగా ఊపింది.
"నీళ్ళలో మట్టి కాదండీ ఇది.
గట్టు లోపలే చేరుతుంది కొవ్వు,
పైపొర కింద, పుండులా.
ఒకనాడు ఆ పొర చిట్లుతుంది.
మాన్పుదామని నెత్తురు పరిగెత్తుకొచ్చి, గడ్డకట్టి,
దారే మూసేస్తుంది."

నవ్వు పోయింది.
గట్టు సంగతీ నాకు తెలుసు.
ఎండ్రకాయ బొరియతో మొదలవుతుంది గండి.
బీడీ, చక్కెర, ఎన్నడూ కొలిపించుకోని బీపీ,
వన్ టౌన్‌లో సైదులు బండి మీద
మూడోసారి మరిగిన నూనె.
ఎన్ని బొరియలు తవ్వుకున్నానో
నా గట్టుకి నేనే.

స్ప్రింగు వేశారు. సన్న తీగ అల్లిక,
మణికట్టులోంచి దూర్చారు.
మేం కాలువ కట్టేసి చేసే మరమ్మతు
వాళ్ళు నీళ్ళు పారుతుండగానే చేశారు.
ఆ పనితనానికి దండం పెట్టాను.
మిగతా రెండూ మీ చేతిలోనే ఉన్నాయి, అంది.
రాత్రి మాత్ర మానొద్దంది,
ఒంట్లో బాగుందనిపించినా.
అనిపించినప్పుడు మరీ.

ఇప్పుడు పొద్దున్నే కాలువ గట్టున నడుస్తాను.
సువార్త నూనె సీసాకి ఎర్రదారం కట్టింది,
వారానికి ఇంతే అని.
తన గేజి అది.
పప్పుచారులో పోపు ఎక్కడుందో
వెతుక్కుంటున్నాను.

ఇవాళ పాత చొక్కా జేబులో బీడీకట్ట తగిలింది.
తీసి కాలువలోకి విసరబోయాను.
చెయ్యి ఆగిపోయింది.
ముప్ఫై ఒక్క ఏళ్ళు జనాన్ని తిట్టాను,
ఇందులో ఏదీ వెయ్యొద్దని.

కట్టని మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాను.
చెత్తకుండీ ఇంకా రెండు ఫర్లాంగులుంది.
నడుస్తున్నాను.