పది ఔన్సులు

బర్నబాసు పిడికిలి మీరంతా బయటినుంచే చూశారు.
నేను లోపల్నుంచి ఎరుగుదును.
పూర్ణా మార్కెట్ వెనక, ఉల్లిపాయల గోడౌన్ పక్క సందులో
పంతొమ్మిదేళ్లు అతని గ్లవ్సు కుట్టినవాణ్ణి.

కుడిచేతికి ఒక కొలత, ఎడమకి ఇంకోటి.
ఎడమ చిటికెనవేలు వంకర.
ఓడలోకి మాంగనీసు మోసే రోజుల్లో
తట్ట అంచు కింద నలిగిందట.
పోటీ అయ్యాక గ్లవ్ విప్పితే
లోపలి తోలు మీద ఉప్పు తేలేది,
జాలరిపేట ఇసకలో ఎండుచేప మీద తేలినట్టు.

పోర్టు స్టేడియంలో మైకు అతని పేరు పిలవగానే
అవతలి మూలవాడి కళ్లు ముందు తువ్వాలుకేసి వెళ్లేవి.
జ్ఞానాపురంలో తల్లులు
అన్నం తినని పిల్లల కోసం బూచోణ్ణి పిలవడం మానేశారు.
కాన్వెంట్ జంక్షన్లో అతను రోడ్డు దాటుతుంటే లారీ ఆగేది.
భయమో, మర్యాదో
లారీవాణ్ణి ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత కోదండం.
రైల్వే కుర్రాడు, కంచరపాలెం, ఇరవై రెండేళ్లు.
నాలుగో రౌండు. ఒకటే దెబ్బ, చెవి పైన.
మూడో వరసలో ఉన్న నాకు
గచ్చు మీద కొబ్బరికాయ పడినట్టు వినిపించింది.

కోదండం బతికాడు.
బతికి, సొంత పేరు కూడబలుక్కుంటూ
రైలు గేటు దగ్గర గూడ్సు పెట్టెలు లెక్కపెట్టేవాడు.
పదిహేడు దగ్గర మర్చిపోయి
మళ్లీ ఒకటి.

ఆ రాత్రి తర్వాత బర్నబాసు గట్టిగా కొట్టలేదు.
జనానికి తెలీదు, గ్లవ్‌కి తెలుసు:
మెటికల దగ్గర తోలు అరగడం మానేసింది.
రెండేళ్లకి నేవీ నుంచి ఓ హర్యానా కుర్రాడొచ్చి
మూడు రౌండ్లలో కూర్చోబెట్టేశాడు.
సోడాసీసాలు లేచాయి. అమ్ముడుపోయాడన్నారు.
ఎంతకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో అంకె.

డాక్ గేటులో కాపలా పని.
సమ్మె రోజుల్లో కాంట్రాక్టరు పక్కన నిలబడ్డాడని ఒక మాట,
నిలబడ్డాడే కానీ చెయ్యెత్తలేదని ఇంకో మాట.
అతని చేతులకి ఆ పాటికే వణుకు.
ఎత్తినా ఏం చేసేవో.

మొన్న కమ్యూనిటీ హాల్లో మీటింగు,
కొత్త జిమ్ముకి అతని పేరు పెట్టాలా వద్దా అని.
టాలీ క్లర్కు సన్నిబాబు బల్ల గుద్ది,
"సింహంరా ఆడు! మన పేటకి పేరెట్టింది ఆడే."
కోదండం చెల్లెలు లేచింది, చేతిలో టిఫిన్ డబ్బా అలాగే ఉంది,
"గ్లవ్సులో ఇనపముక్క ఎట్టుకున్నాడు మీ సింహం."
అందరి తలలూ నావైపు తిరిగాయి.
"నువ్ సెప్పు తాతా. లోపల ఏటుండీది?"

ఇనుము లేదన్నాను. బిడ్డల మీద ఒట్టేశాను.
అది నిజం.

వాళ్లు అడగంది నేను చెప్పలేదు.
ఆ ఏడు గుర్రపు వెంట్రుకల ధర పెరిగింది.
మణికట్టు మీద పది ఔన్సులని ముద్ర కొట్టి
ఎనిమిదే కూరాను.
పెద్దమనుషులు ముద్ర చదివి తలూపారు, తూచలేదు.
ఇంట్లో చిన్నదానికి టైఫాయిడు అప్పుడు...
కాదు, అది సాకు. అంతకు ముందునుంచే తగ్గిస్తున్నాను.

రెండు ఔన్సులంటే ఓ కోడిగుడ్డు బరువు.
ఈ ఊరు పడ్డ భయంలో
అతని భుజం ఎంత, నా పిసినారితనం ఎంత
ఏ త్రాసులో పెట్టను?

పోయే ముందటేడు చెప్పు తెగి వచ్చాడు.
నేను కుడుతుంటే, మేకుకి వేలాడే పాత జత దించి
వణికే బొటనవేలితో మెటికల దగ్గర నొక్కాడు.
ఒకసారి. మళ్లీ ఒకసారి.
వేలు లోపలికి దిగిపోయింది.
నా సూది ఆగింది.
"పాతబడిపోనాయి కదేటి," అన్నాడు,
మేకు దొరక్క రెండుసార్లు తడిమి, తగిలించి,
చెప్పుకి అయిదు రూపాయలు బల్ల మీద పెట్టి
ఎండలోకి వెళ్లిపోయాడు.

చిల్లర రెండు రూపాయలు ఇవ్వాలి నేను.