జీను చప్పుడు

అతన్ని గుర్రం మీదే తెచ్చారు.
మెడ కరుచుకుని ముందుకు వాలి ఉన్నాడు.
ఎత్తు ఎక్కేవాళ్ళంతా అలాగే వాలతారు గనక
మలూటి కొండల్లో దారిపొడుగునా
ఎవరికీ అనుమానం రాలేదు.

ఆసుపత్రి ముందు నేల చదును.
దిగాక కూడా నిటారు కాలేదు మొహాపి.

మంచం మీద పడుకోబెట్టాను. అది నా తప్పు.
వీపు ఆనగానే కత్తి దిగినట్టు లేచి కూర్చున్నాడు,
దుప్పట్లో మోకాళ్ళు మునగదీసుకుని.
ఊపిరి తీస్తే పోటు. మింగితే పోటు.
ముందుకు వంగితే మాత్రం
ఎవరో పట్టు కాస్త సడలించినట్టు.

"గుండెపోటే కదా సిస్టర్?" తమ్ముడు మోలెఫి.

స్టెతస్కోపు రొమ్ము ఎడమ అంచున ఆనించాను.
కిర్రు. కిర్రు, కర్రు.
కిటికీలోంచి బయటికి చూశాను
గుర్రం గానీ కదిలిందా అని.
మంచులో రాతి గుర్రంలా నిలబడి ఉంది.
ఊపిరి బిగబట్టమన్నాను;
ఊపిరి ఆగింది, చప్పుడు ఆగలేదు.

గొట్టాలు అతని చెవుల్లోనే పెట్టాను.
గని వదిలాక ఇరవై ఏళ్ళు జీనులు కుట్టిన మనిషి
కళ్ళు మూసుకుని విన్నాడు.
"నూనె పట్టించని తోలు," అన్నాడు,
"ఎవరు కుట్టారో గానీ, పనివాడు కాడు."

ఎలా చెప్పను?
గుండెకో సంచి ఉంది, రెండు పొరలది.
నడుమ రెండు మూడు చెంచాల నీళ్ళు.
ఆ కాసిని నీళ్ళ పుణ్యాన
రోజుకు లక్షసార్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ
ఒక్కసారీ నొప్పించుకోకుండా బతికేస్తాయి.
ఇప్పుడు పొరల మధ్య పొరపొచ్చాలొచ్చాయి.
వాచి, గరుకెక్కి, ఒరుసుకుంటున్నాయి.

"మా అన్నదమ్ముల్లాగా," అన్నాడు మొహాపి.
మోలెఫి నేల చూపులు చూశాడు.

మూడో రోజు పొద్దున చప్పుడు లేదు.
"పోట్లాట తీరింది," అని నవ్వాడు.
నేను నవ్వలేకపోయాను.
మెడ నరాలు తాళ్ళలా ఉబ్బాయి.
ఊపిరి లోపలికి పీల్చినప్పుడల్లా నాడి
నా వేళ్ళ కిందనుంచి జారిపోయి
బతిమాలితే వచ్చినట్టు మళ్ళీ వస్తోంది.
గుండె చప్పుడు, సెంకు నది
అవతలి గట్టునుంచి పిలుస్తున్నంత దూరం.

ఎక్స్‌రేలో గుండె నీళ్ళకుండంత.
"పెద్ద గుండె మా అన్నది," మోలెఫి మురిసిపోయాడు.
వాపు చూసి బలుపనుకోవడం
మా కొండల్లోనూ ఉంది.

పొరలు రాజీపడలేదు.
నడుమ నీరు చేరి ఎడమయ్యాయి, అంతే.
అంత నీటి ఒత్తిడిలో
నిండడానికి గుండెకు చోటెక్కడిది?

డాక్టరు రొమ్ముటెముక దిగువనుంచి సూది పోనిచ్చాడు.
ఎండుగడ్డి రంగు నీరు, నెత్తుటి జీరతో.
ఒక సీసా నిండింది. ఇంకోటి అడిగారు.
నాడి నా వేళ్ళ కిందికి తిరిగొచ్చి కుదురుగా కూర్చుంది.
ఆ సాయంత్రం మళ్ళీ విన్నాను:
కిర్రు, కర్రు.
ఒక నొప్పి వెనక్కొచ్చినందుకు
రోగితో కలిసి సంతోషించడం నాకదే మొదలు.

క్షయ అని తేలింది.
గనిలోంచి జీతంతో పాటు వెంట వచ్చిందో,
ఆ తరవాత ఎక్కడో తగులుకుందో,
మాత్రలకు ఆ లెక్క అక్కర్లేదు. వాటి లెక్క ఆరు నెలలు.
మింగిన రోజుకో కన్నం చొప్పున
ఒక తోలు పట్టీ పొడుచుకుంటూ పోయాడు.

జనవరిలో, పీచు పళ్ళ కాలంలో, నడిచొచ్చాడు.
గుర్రం కళ్ళెం మోలెఫి చేతిలో ఉంది.
పట్టీ నా బల్ల మీద పరిచాడు. కన్నం పెట్టని చోటు లేదు.

స్టెతస్కోపు ఆనించాను. ఏమీ వినిపించలేదు,
గుండె తప్ప.
నిశ్శబ్దాన్ని అంత తొందరగా నమ్మను నేనిప్పుడు.
మెడ చూశాను. నాడి పట్టుకుని
నిండుగా ఊపిరి తీయమన్నాను. జారలేదు.
ఒకసారి వెల్లకిలా పడుకోమన్నాను.

పడుకున్నాడు.
నేను చీటీ రాసి తలెత్తేలోపు
గురక పెడుతున్నాడు.

బయట మోలెఫి ఎండలో
గుర్రాన్ని పట్టుకుని నిలబడే ఉన్నాడు.
ఇంకాస్సేపు పడుతుందని చేత్తో సైగ చేశాను.