ఏడూ పదికి ఒక శిఖరం

మత్తికెరెలో, మా నాలుగంతస్తుల మిద్దె మీద
ఒక యంత్రం గాలి పీలుస్తూ ఉంటుంది,
నిమిషానికి ఐదు లీటర్లు.
పీల్చిందంతా తెల్లటి టేపు మీద
చుక్క పక్కన చుక్కగా దించుతుంది.
ఎవరింటి పొగ, ఎవరి బండి పొగ అని అడగదు.
ఎంత నలుపో చెబుతుంది, అంతే.

ఫిబ్రవరి నుంచీ పొద్దున ఏడూ పదికి
తెర మీద గీత నిట్టనిలువుగా లేచేది.
ఇరవై నిమిషాల్లో దిగిపోయేది.
ఆదివారాలు మాత్రం లేదు.
వారం చూసి సెలవు పెట్టేది గాలి కాదు,
మనిషి.

మూడు వారాలు పంపు విప్పాను, గొట్టం కడిగాను,
గడియారాన్ని అనుమానించాను.
నాలుగో వారం పిట్టగోడ మీంచి
కిందికి తొంగి చూడాలని తోచింది.

కానుగ చెట్టు కింద తోపుడుబండి.
చౌడప్ప ఇత్తడి ఇస్త్రీపెట్టె మూత ఎత్తి
చిప్పబొగ్గులు పోసి అట్టముక్కతో విసురుతున్నాడు.
పొగ తిన్నగా మా గొట్టం నోట్లోకి,
ఎవరో దారి చూపించినట్టు.

వ్యాసం చదివిన పరిశీలకులు రాశారు:
స్థానిక కాలుష్యం. తొలగించండి.
ఎంతసేపు, ఒక మీట నొక్కితే
నాలుగు వందల అంకెలు పోతాయి.
చౌడప్ప ఉండడు, కానుగ నీడ ఉండదు,
బెంగళూరు ఎక్కడా ముడత లేకుండా
ఇస్త్రీ చేసినట్టు వస్తుంది.

నేను రెండు నూలు చీరలు పట్టుకుని కిందికి దిగాను.

"మిద్దె మింద ఏం జేస్తుంటావమ్మా దినామూ?"
"మబ్బుల పని."
"వాన తెప్పిస్తావా?"
"లేదు. ఎందుకు రాదో లెక్క కడతాను."
చింతామణి పక్క పల్లె అతనిది.
పన్నెండు వందల అడుగులు దించినా బోరులో దుమ్మే లేచిందట.
"రానిదానికి లెక్కేందమ్మా," అని
నా చీర మీద నీళ్ళు చిలకరించాడు.

ఆ చిలకరింపు చూస్తుంటే చెప్పేయాలనిపించింది:
పైన ఆవిరి ఒంటరిగా చుక్క కాలేదయ్యా,
పట్టుకోవడానికి ఒక నలుసు కావాలి,
సముద్రపు ఉప్పో, దారి దుమ్మో,
ఎన్నో రోజులు తిరిగి తిరిగి
నీటికి మచ్చికైన నీ మసో.
నలుసులు మరీ ఎక్కువైతే
పదిమందికి వండిన అన్నం వందమందికి వడ్డించినట్టు.
ఏ చుక్కకూ రాలేంత బరువు రాదు.
మబ్బు తెల్లగా మెరుస్తూ
హోసూరు వైపు వెళ్ళిపోతుంది.

ఇంకొకటి అసలు చెప్పదలచుకోలేదు.
ఆ మెరుపే కొంత ఎండను వెనక్కి తోస్తోందని,
ఊళ్ళ పొగంతా ఒక్క రాత్రిలో కడిగేస్తే
మర్నాటి నుంచి ఇంకాస్త కాగుతామని.
ఇది విన్నవాళ్ళు నన్నొక రకంగా చూస్తారు,
పొగ తరఫు వకీలును చూసినట్టు.
అద్దంలో నేనూ అలాగే చూసుకుంటాను.

జూన్‌లో ఎవరో అతనికి గ్యాసు ఇస్త్రీపెట్టె ఇచ్చారు.
ఏడూ పది దగ్గర గీత పడుకుంది.
ల్యాబులో ఒకరు నా భుజం తట్టారు, డేటా శుభ్రపడిందని.

"బరువు లేదమ్మా దీనికి, మడత నిలవదు,"
చౌడప్ప సణిగాడు.
కాసేపాగి, "దగ్గు మటుకు తగ్గిండాది."
మా పట్టికలో తేమకు గడి ఉంది, గాలి దిక్కుకు ఉంది.
దగ్గుకు లేదు.

ఆ సాయంత్రమే వాన పడింది.
అతని వల్ల కాదు, నా వల్ల అసలే కాదు.
ఒక బండి మానేసిన ఇరవై నిమిషాలకు
ఆకాశం బదులివ్వదు, అది నాకు తెలుసు.
తెలిసీ పిట్టగోడ దగ్గర చేయి చాచాను.
కింద చౌడప్ప జనం బట్టల మీద టార్పాలిన్ లాగుతూ
పైకి చూసి ఏదో అరిచాడు.
చప్పుడులో వినపడలేదు.

రాత్రి లాగ్‌బుక్కులో, వ్యాఖ్యలు అన్నచోట
బొగ్గు ఆగింది అని రాశాను.
ఎవరూ అడగని పేరు కూడా రాశాను:
చౌడప్ప.
ఇంటిపేరు తెలుసుకోలేదు.