ఖాళీ డబ్బ బరువు

శివనగర్‌ల అండర్ బ్రిడ్జి దిగినంక
మూడో మడిగె నాది.
ఇరవై రెండేండ్లు
కవర్ల కట్ట ఈ మేకుకే వేలాడింది.
ఉప్పు ప్యాకెట్‌కొక కవరు,
రెండు గుడ్లకొక కవరు,
అది చినుగుతదేమోనని దానికింకో కవరు.
ఎవ్వరడుగక ముందే
నా వేలు నాలుక మీద తడి చేసుకొని
కవరు నోరు తెరిచేది.

మున్సిపాలిటోళ్లు ఓసారి చలాన్ రాసిండ్రు, ఐదువందలు.
ఆ చలాన్‌ను కవర్ల పెట్టి భద్రం చేసిన.
కట్టను బియ్యం బస్తా వెనుకకు నూకిన.
సారుకు బదిలీ అయిన నాడు
కట్ట మళ్ల మేకెక్కింది.

తర్వాత వాన.
మోరీ నోట్ల మా కవర్లే బిగుసుకున్నయని
నడుముల లోతు నీళ్లల్ల నిలబడి అందరం చూసినం.
నా చక్కెర బస్తా అడుగు నుంచి కరిగిపోయింది,
నీళ్లు తియ్యగైనయేమో, ఎవరు నాకి చూసిండ్రు?
ఆ పూట ఒట్టు పెట్టుకోనోళ్లు లేరు.
నేనైతే బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టిన.
గోడ మీది నీటి గీత
కొత్త సున్నంల కలిసిపోయింది.
ఇరవయ్యో రోజుకు
"కవరియ్యన్నా, చెయ్యి జారుతది."
ఇచ్చిన.
భయం ఎన్నాళ్లుంటదో
ఉద్దెర ఖాతా రాసేటోనికి తెలువదా?

నర్సవ్వ మాత్రం మొదటి నుంచీ
అదే సత్తు డబ్బతోని వస్తది, మంచినూనెకు.
భూమి గురించి ఆమెకు పట్టింపున్నట్టు
నాకైతే ఎన్నడనిపియ్యలె.
"డబ్బ ఉండంగ పైసలెందుకు వెట్టాలె కొడుకా?"
అంతే ఆమె శాస్త్రం.
తూకమైనంక గూడ డబ్బ తియ్యదు.
కొసరు పడేదాక
నా మొకం దిక్కే చూస్తది.
పోస్త. పొయ్యకుంటే పోదు.

ఒకనాడు ఐటీఐ చదివే పోరడు అన్వేష్
"అవ్వకు ఎక్కువ పోసినవేందే?" అన్నడు.
"డబ్బ తెచ్చింది గద" అన్న, నోటికొచ్చినట్టు.
తెల్లారి వాడు గాజు సీసతోని దిగిండు.
వాని రూముల ముగ్గురు, మూడు సీసలు.
ఎదురింటి తాహెరా బేగం చూసింది,
ఇత్తడి గిన్నె తెచ్చింది.
ఆమెను చూసి పోచమల్లు భార్య
ఆమెకన్న పెద్ద గిన్నె తెచ్చింది.
రెండు చెంచాల నూనెకు
వాడ కదిలిన తీరు చూసి
బదిలైన సారు యాదికొచ్చి నవ్వుకున్న.

ఇగ నాకు కొత్త పని వడ్డది.
ముందుగాల ఖాళీ డబ్బను తూయాలె,
అది తీసేసి సరుకు తూయాలె.
ఇప్పుడు వాడకట్టు ఖాళీల బరువంతా నాకు కంఠతా.
నర్సవ్వది రెండువందల పది గ్రాములు.
తాహెరా గిన్నె ఆరువందలు, సొట్టతోని కలిపి.
అన్వేష్ సీస, మూత లేకుంటె, మూడువందల నలభై.
కొసరు మర్చిన దినాలు గూడ ఉన్నయి.
ఎవ్వరడుగలె.
నర్సవ్వ తప్ప.

మొన్న ఆదివారం మటన్ కొట్టుకాడ
నల్ల కవరు పట్టుకొని మర్లిన.
ఎదురుంగ తాహెరా, చేతుల స్టీలు టిఫిన్.
ఏమనలె.
నా చేతి దిక్కు చూసింది,
మర్యాదకు మళ్ల ఆకాశం దిక్కు చూసింది.
ఇంటికి పోయి గిన్నె తెచ్చి
కొట్టాయన ముందరనే కూర దాంట్ల ఒంపుకొని
కవరు వాపసిచ్చిన.
"గిదేం జేసుకోవాలె?" అన్నడు, నెత్తురు కారుతున్న కవరు పట్టుకొని.
నిజమే.

మేకుకు ఇంకా పది కవర్లున్నయి, అబద్ధమెందుకు?
రైలు దిగి కొత్తోళ్లొస్తరు, చేతులూపుకుంట.
నర్సవ్వ బిడ్డ దగ్గరికి పరకాల పోయి నెలైంది.
పోయేముందు డబ్బ నా గల్లా పక్కన పెట్టింది:
"ఎవలన్న మర్చిపోయొస్తే ఇయ్యి.
నాది నాకు రావాలె."

ఇప్పుడది దినాం ఒకరింటికి పోయొస్తది.
రాత్రి షట్టర్ దించేముందు
అలవాటుకొద్ది కాంటా మీద పెడత.
నిన్న రెండువందల పదమూడు చూపెట్టింది.
అడుగున
ఎవరిదో కొసరు.