అలారం లాకు

మొదట అది పలకనే లేదు.
చెక్క మీద పేర్లు చెక్కే మిషను,
ముక్కలుగా వచ్చిన డబ్బా విప్పి నాలుగు రోజులు బిగించాను,
ముప్పై ఒక్క ఏళ్ళు మిల్లులో ఫిట్టరు పని చేసిన చేతులతో.
కంప్యూటరు మాత్రం పోర్టు లేదంది.
"తీగ మార్చు బాబాయ్" అంది లిఖిత,
ఎదురింటి గుంట, పాలిటెక్నిక్ రెండో ఏడు.
"ఇది ఫోనుకి కరెంటు పెట్టే తీగ.
తిండి మోస్తాది గాని మాట మొయ్యదు."
నెల్లిమర్లలో బస్సెక్కి గంటస్తంభం దాకా ఎల్లి ఇంకోటి తెచ్చాను.
నూటెనభై చెప్పి నూటఅరవైకి ఇచ్చాడు.

తర్వాత వేగం అడిగింది.
లక్షా పదిహేను వేల రెండొందలు, అని చదివింది లిఖిత.
నాకు గుండె ఒకసారి ఆగింది.
నా గ్రాట్యుటీ లెక్క చెప్పిన గుమాస్తా గొంతు.
తడబడి తొమ్మిది వేల ఆరొందలు నొక్కితే
తెర నిండా తలా తోకా లేని అక్షరాలు.
సగం జీతాల నెలల్లో మా ఇంట్లో మాటలు అలాగే ఉండేవి.

కుడికి పొమ్మంటే ఎడమకి పోయింది.
మిల్లులో అయితే మోటారు మూత విప్పి
రెండు ఫేజులు అటూ ఇటూ మార్చీవోణ్ణి.
ఇక్కడ డాలరు మూడంట.
ప్రతి సెట్టింగుకీ ముందొక డాలరు గుర్తు.
"మన రూపాయి నడవదేటి దీంట్లో?"
నవ్వీసి, ఏదో ఒక అంకె కొట్టింది. దారికొచ్చింది.

నూరు మిల్లీమీటర్లు అడిగితే
తొంభై ఏడున్నర నడిచింది.
అప్పుడు తీశాను ట్రంకుపెట్టెలోంచి వెర్నియరు.
గేటు మూసిన రోజు జేబులో ఉండిపోయింది.
దొంగతనం కాదు, అడిగినవాళ్ళు లేరు.
ఇంకా గోగునార, నూనె కలిసిన వాసనే.
పాత అంకెని అడిగిందాంతో హెచ్చించి, నడిచిందాంతో భాగించు.
చిన్నప్పటి త్రైరాశికం. కాగితం మీదే చేశాను.
మిల్లీమీటరుకి ఎన్ని అడుగులో తేలింది.

ఒక రాత్రి పోయి చివరి స్విచ్చిని గుద్దుకుంది.
కీచుమని ఆగి, తెర మీద ఎర్రగా రాసింది:
అలారం. లాకు.
నా చెయ్యి మౌసు మీదే ఉండిపోయింది.
ఆ రెండో మాట నేనిదివరకు చదివాను,
సైకిలు దిగకుండానే, ఎ షిఫ్టు పొద్దున,
గేటుకి అంటించిన కాగితం మీద. జిగురు ఇంకా తడిగా ఉంది.
"అన్‌లాక్ నొక్కు బాబాయ్."
"అంతేనా?"
"అంతే."
నొక్కాను. ఎరుపు పోయింది.
ఎనిమిది నెలలు టెంటు కింద కూచుని
మేం వెతికిన బొత్తాం, వేలిగోరంత.

"ఆగాగు, ఇంకా నడపకు" అంది గుంట.
"తాళం తీసినా, అదెక్కడున్నాదో దానికి తెలీదు.
ముందు హోముకి పంపాలి."
వెళ్ళింది. స్విచ్చిని తాకి, కాస్త వెనక్కొచ్చి,
మళ్ళీ మెల్లిగా తాకింది, నిజమేనా అన్నట్టు.
మిల్లు తెరిచిన రోజు మా గురివినాయుడు కూడా
తన ఫ్రేముని అలాగే రెండుసార్లు తాకాడట.
జాబితాలో మా ఇద్దరి పేర్లూ లేవు. నేను లోపలికి వెళ్ళనే లేదు.

ఇవాళ కట్టరు పెట్టలేదు.
రబ్బరు బ్యాండుతో పెన్ను కట్టి
పాత పేపరు మీద సున్నా గియ్యమన్నాం.
కోడిగుడ్డు గీసింది.
లిఖిత సెట్టింగులన్నీ పైనుంచి కిందికి చదువుతోంది.
నేను స్క్రూడ్రైవరు మొన మోటారుకి ఆనించి
పిడి చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను.
వై మోటారు కప్లింగు. మర అరచుట్టు ఒదులు.
"అదెక్కడ రాసుంది బాబాయ్?"
పిడి తన చేతికిచ్చాను.
నడుం వంచి, జడ ఒక చేత్తో పట్టుకుని, చాలాసేపు విన్నది.
"ఎవరో నడుస్తన్నట్టున్నాది" అంది. తర్వాత,
"ఒకరు కాదు."

నేనేం అనలేదు. అలెన్ కీ కోసం తడుముతున్నాను.
తను ఇంకో పేపరు పరిచింది.