సందు

రెక్క కొసకీ గొట్టం గోడకీ నడుమ
అర మిల్లీమీటరు.
కొత్తవాడలో మా సందూ అంతే అంటాడు సాంబయ్య,
ఎదురుగా సైకిలొస్తే
ఒకరు అరుగెక్కాలె.

నేను ఆ సందులో గాలిని లెక్కబెట్టే మనిషిని.
విమానం ఇంజన్ లోపలి మొదటి చక్రం అది.
ఆ చక్రాన్ని ఎన్నడూ ముట్టుకోలేదు,
విమానమూ ఎక్కలేదు.
గాలి బుద్ధి నీళ్ల బుద్ధే:
ఒత్తిడి ఎక్కువున్న వైపు నుంచి
రెక్క తల మీంచి అవతలికి దూకుతుంది,
దూకినది తిన్నగా పోదు,
పత్తి ఏకులా పురిబడుతుంది.
ఆ పురి వెళ్లి, ధ్వనిని దాటిన గాలి విరిగే చోట
షాక్ తరంగానికి తగులుతుంది.
అక్కడ ఉబ్బుతుంది.
అక్కడే నా లెక్క చెడుతుంది.

తెర మీద గాలిని ముక్కలు చేశాను:
నలభై లక్షల గళ్లు,
సందులోనే ఇరవై నాలుగు వరుసలు.
జంపుఖానాలు నేసేవాళ్లు చూస్తే నవ్వుతారు,
దారం లేదు, రంగు లేదు,
గళ్లు మాత్రం ఉన్నాయి.

రాత్రి పదకొండు. కాజీపేట వైపు గూడ్సు బండి
బొగ్గు మోసుకుంటూ పోతుంటే
ల్యాబ్ కిటికీ అద్దం సన్నగా వణుకుతుంది.
మిగులు తప్పుల గీత దిగుతూ దిగుతూ
పన్నెండువేల మూడొందల అడుగు దగ్గర
గద్దను చూసిన కోడిలా ఎగిరింది.
మళ్లీ.

ప్రయోగం అంటుంది:
ఇంకా నొక్కొచ్చు గాలిని, చక్రం తట్టుకుంటుంది.
నా లెక్క అంటుంది: ఇక్కడికే ఊపిరాడదు.
అబద్ధం ఎవరిదో తెలిసిందే,
ఎందుకో తెలియదు.
టర్బులెన్స్ మోడల్ మార్చాను. గళ్లు చిక్కన చేశాను.
సరిహద్దు షరతులను బతిమాలాను.

తాళాలు వేయడానికొచ్చిన సాంబయ్య
తెర ముందు ఆగాడు.
ఎనుమాముల దగ్గరి జిన్నింగ్ మిల్లులో
పదహారేండ్లు బ్లోవర్లు బిగించిన చెయ్యి,
చూపుడువేలికి గోరు లేదు.
"ఈ సందు ఎప్పుడు కొలిచిన్రు మేడం?"
డ్రాయింగులో ఉంది, అన్నాను.
"అంటే ఆగి ఉన్నప్పుడు."

తాళంచెవులు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని,
"తిరిగేటప్పుడు రెక్క సాగుతది గద.
ఎండకాలం మా బ్లోవరు, పొద్దున సందున్నది
మధ్యాహ్నానికి గోడను గీకేది.
చప్పుడు విని సందు ఎంతో చెప్పేటోళ్లం.
ఆగినదాన్ని కొలిస్తే
ఆగిన సంగతే తెలుస్తది."

నిమిషానికి పదహారు వేల చుట్లు.
ఆ లాగుడుకి లోహం నిగుడుతుందని
నేను చదివిందే, పరీక్షలో రాసిందే,
పదిహేను మార్కులకి.

సందును అర నుంచి మూడు పదోవంతులకి దించి
గళ్లన్నీ మొదటి నుంచి నేశాను.
నాలుగు రోజులు. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది,
యూపీఎస్ ఒక్కసారే కాపాడింది.
ఐదోనాడు తెల్లారకముందే
పురి సన్నబడింది.
తరంగం రెక్కను పట్టుకుని వదల్లేదు.
గాలి ఇంకా కొంచెం, ఇంకా కొంచెం
నొక్కించుకుంది.

ప్రయోగంతో కలిసిందా అంటే, పూర్తిగా లేదు.
ఒక శాతం తేడా మిగిలే ఉంది,
అది ఎవరి గోరో నాకింకా తెలియదు.

థీసిస్ కృతజ్ఞతల పేజీలో పేరు రాస్తానంటే
ఇంటిపేరుతో రాయమన్నాడు, గుండేటి అని.
"మా సందుల
ముగ్గురు సాంబయ్యలున్నరు."