ముందు గుక్క

నా ఉద్యోగం అనుమానించడం.
మిర్చి యార్డు వెనక ల్యాబులో
తెల్ల కోటు వేసుకుని, కారప్పొడిలో
కంటికి కనపడని బూజు విషాన్ని వెతుకుతాను.
పాసయితే సరుకు ఓడెక్కుతుంది,
ఫెయిలయితే ఎవరో ఒక రైతు
గేటు దగ్గర బీడీ ఆర్పేసి
తలకి తువ్వాలు చుట్టుకుని వెళ్ళిపోతాడు.

అట్లాంటిదాన్ని
పోయినేడు ఒక్కదాన్నే బిష్కెక్ వెళ్ళాను.
ఎందుకంటే చెప్పలేను. సెలవులున్నాయి, టికెట్ చవక,
ముప్పై నాలుగేళ్ళొచ్చినా విజయవాడ స్టేషన్ దాటితే
ఎవరో ఒకరు తోడుండాలనే మాట
విని విని విసుగొచ్చింది.
"ఎవరేమిచ్చినా నోట్లో పెట్టుకోకు" అంది అమ్మ.
అమ్మ చెప్పకపోయినా నేను పెట్టుకోను.

కొండదారిలో టాక్సీ టైరు పేలింది.
గుండ్రటి గుడారంలోంచి ఒకావిడ వచ్చింది. పేరు బురుల్.
చలికి కందిన బుగ్గలు, పగిలిన మడమలు.
నా రెండు చేతుల్లో గిన్నె పెట్టింది:
గుర్రం పాలట, పులిసినవి.
పొగ వాసన. పైన తేలే ఒక నల్ల నలుసు.
నా లోపలి ల్యాబు తలుపు మూసేసింది.
ఆవిడ అటు తిరగ్గానే గడ్డిలో ఒంపేశాను.
కుక్క వచ్చి ఆ తడంతా నాకి
నా గుట్టు రట్టు చేసింది.

బురుల్ చూసింది. నవ్వలేదు, ముఖం మాడ్చుకోలేదు.
లోపలికెళ్ళి వేడి టీ తెచ్చి
నా ఎదుటే ఒక గుక్క తాను తాగి
అదే గిన్నె నాకిచ్చింది.
మా ఊళ్ళో దాన్ని ఎంగిలంటారు.
అక్కడేమంటారో అడగడానికి భాష లేదు.
తాగాను.

ఇక నిన్న.
ఏప్రిల్ ఎండలో, వీపున పెద్ద సంచితో
ఇనెష్ అనే పిల్ల ఒంటరిగా యార్డులోకొచ్చింది.
లిస్బన్ నుంచట.
ఎర్రటి కొండలు చూడాలంటే గుంటూరు వెళ్ళమని
రైల్లో ఎవరో చెప్పారట.
పది అడుగులు వేసిందో లేదో
ఘాటు గొంతు పట్టుకుంది.
దగ్గి దగ్గి, కళ్ళు చింతనిప్పులై
తేజ బస్తాల పక్కన కూలబడింది.
ఈ మిరపకాయ ఒకప్పుడు మీ ఊరి ఓడల్లోనే
మా ఒడ్డున పరాయిదై దిగిందని
చెబుదామనుకున్నాను. చెప్పే సమయమా అది?

తొడిమలు తీసేవాళ్ళలోంచి సువార్తమ్మ లేచింది.
కొంగు దులుపుకుని, తడిపిన గోనె కింద నుంచి
లేబులు చిరిగిన కూల్‌డ్రింక్ సీసా తీసింది.
మజ్జిగ. ఉప్పు, నలిపిన కరివేపాకు.
స్టీలు గ్లాసు నింపి చాపింది.
"తాగమ్మాయ్, సల్లబడతది."

ఆ పిల్ల గ్లాసు పట్టుకుని
నా వంక చూసింది. నా తెల్ల కోటు వంక చూసింది.
తాగొచ్చా? అని, కళ్ళతోనే.

మూడేళ్ళుగా సువార్తమ్మ
రోజూ పన్నెండింటికి ఆ సీసా మూత తిప్పుతుంది.
"మేడమ్, కాసిని?" అంటుంది.
"ఇప్పుడే తాగొచ్చాను" అంటాను.
నమ్మినట్టే తల ఊపుతుంది.
ఒక్కసారి మాత్రం, పక్కావిడతో అంటుంటే విన్నాను:
"మా అమ్మకి కామందు గారింట్లో
పైనుంచి దోసిట్లో పోసేవోళ్ళు నీళ్ళు.
ఇప్పుడంతా మారిందిలే.
మంచిగానే మాట్టాడతారు. తాగరంతే."

ల్యాబు గుమ్మం నుంచి ఆమె గోనెపట్టాకి
పన్నెండు అడుగులు.
ఇన్నాళ్ళూ ఆ దారిలో ఏ టైరూ పేలలేదు.

పిల్ల ఇంకా చూస్తోంది.
మజ్జిగ మీద ఎర్రటి దుమ్ము సన్నగా వాలుతోంది.
గ్లాసు తన చేతిలోంచి తీసుకున్నాను.
ఎత్తి పోసుకోబోయి, ఆగి,
అంచు పెదవికి ఆనించాను.
పులుపు. ఉప్పు కాస్త ఎక్కువే.

సువార్తమ్మ ఏమీ అనలేదు.
సీసాని వెలుగుకి ఎత్తి
మిగిలిందెంతో చూసుకుంది.
ఇనెష్ గటగటా తాగేసి మళ్ళీ చాపింది.
"ఈ పిల్ల నయం" అంది అప్పుడు,
ఎవరికంటే నయమో చెప్పకుండా.

గ్లాసు అంచుకి కారం అంటుకున్నట్టుంది.
రాత్రి బస్సు లాడ్జి సెంటర్ దాటేదాకా
కింది పెదవి మండుతూనే ఉంది.